పొదలు లేని అడవి: పొన్నంకి పిట్టయు, వలస వనపక్షుల రక్షణమును

ఖరగ్‌పూరు కూడలినుండి పడమరగా టాటానగరము పోవు పాసింజరు బండి నెక్కినవారికి, నింపురా యార్డు దాటి, కలైకుండా గడచి, ఖేమాశూలి, సర్దిహా స్టేషనులు వచ్చుసరికి, మార్గమున కిరువైపుల ఎఱ్ఱని మొరము నేలపై సన్నగా, నిటారుగా లేచిన సాలవృక్షముల వరుసలు కానవచ్చును. ఐ.ఐ.టి. ప్రాకారమును ఆనుకొనియున్న ప్రేమ్ బజారునుండి హిజ్లీ, సాలువాల వైపు పోయినను ఈ జాతి వనముల ముక్కలే అచ్చటచ్చట ఎదురగును. శ్రీకాకుళ, విజయనగర మండలములనుండి మూడు నాలుగు తరముల క్రిందట రైల్వే వర్క్‌షాపు పనికై వచ్చి ఇచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ చెట్టు క్రొత్తది కాదు. తమ స్వగ్రామములకు ఎగువనున్న ఏజెన్సీ కొండలలో దానినే గుగ్గిలపు చెట్టని పిలుతురు. తూర్పుకనుమలలో సాలవనము దక్షిణముగా వచ్చి వచ్చి ఆగిపోవు పొలిమేర ఆ ప్రాంతముననే కలదు. అయితే ఈ వ్యాసమునకు విషయము చెట్టు గాదు. చెట్టు క్రింద మూడు నాలుగడుగుల ఎత్తువఱకు పెరుగు పొదయు, ఆ పొదనీడను పరచుకొన్న ఎండుటాకు పొరయు, వాని నాశ్రయించి ఏటేట వచ్చి పోవు చిన్న పక్షులును. వలస పోవు వనపక్షులు లోకమంతట క్షీణించుచున్నవను మాట కొన్ని దశాబ్దములుగా వినబడుచున్నది. ఆ మాటలో ఎంత నిజము కలదో, కారణములని చెప్పబడువానిలో ఏది బలవత్తరమో, మన సాలవనముల విషయమున అది ఎట్లు అన్వయించునో విచారించుట ఇచ్చటి ఉద్దేశము.

ఈ విచారణకు మధ్యమణిగా నిలుపదగిన పక్షి పొన్నంకి పిట్ట. దీనినే కొందఱు నవరంగి యందురు. వంగదేశీయులు శుమ్‌చా యందురు. సుమారు పందొమ్మిది సెంటీమీటర్ల పొడవును, ఏబది అరువది గ్రాముల తూకమును కలిగి, తోక యున్నదా లేదా యన్నంత పొట్టిదై, ఆకుపచ్చని వీపును, కంటి మీదుగా సాగిన నల్లని పట్టీని, తెల్లని కంఠమును, పసిమిగొన్న కడుపును, దాని క్రింద కుంకుమవన్నెను, రెక్క ముడిచినప్పుడు తళుక్కుమను నీలపు మచ్చను దాల్చిన ఈ పిట్ట, ఇన్ని రంగులుండియు మనుష్యుని కంట పడుట అరుదు. ఏలయన అది కొమ్మలపై ప్రదర్శనమిచ్చు పక్షి గాక, నేలపై గెంతుచు, ఎండుటాకులను ముక్కుతో తిరుగవేసి, క్రింద దాగిన పురుగులను, వానపాములను ఏరుకొని తిను నేలమనిషి. వేకువను, మునిమాపునను అది వేయు రెండు స్వరముల ఈలయే దాని యునికిని పట్టి యిచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని అసలు గాయకపక్షుల కుదురున చేర్చక, వాని దాయాదుల శాఖలో నుంచెదరు. కాని జీవితవిధానమునందును, ఆపదలయందును అది వలస గాయకపక్షులతో సమానధర్మము కలదగుటచే, ఆ వర్గభేదమును పట్టుకొని ఇచ్చట వాదించుట అనావశ్యకము.

హిమాలయపాదములందును, మధ్యభారతపు కొండలందును, జంగల్‌మహల్ అని పేరొందిన ఈ పశ్చిమవంగపు సాలవనములందును, వేసవి కడపట వచ్చి చేరి, నైరృతి వానలు పడునంతకాలము గూడు కట్టి పిల్లలను పెంచి, ఆశ్వయుజ కార్తికములనాటికి దక్షిణమునకు తరలి, ద్వీపకల్పపు అడవులలోను సింహళమునందును శీతకాలము గడపుట దీని వార్షికచర్య. గూడు బంతివలె గుండ్రనిది. పుల్లలతోను, ఎండుటాకులతోను అల్లి, నేలపైననో, తక్కువ యెత్తున పొదకొమ్మల నడుమనో నుంచును. నాలుగైదు గ్రుడ్లు పెట్టును. ప్రయాణము రాత్రివేళ జరుగును. పొట్టి రెక్కల పక్షియగుటచే గాలివాటు ప్రతికూలమైనచో దారి తప్పుట, అలసి యేదో యొక కొంపలో చొచ్చుట తఱచు. ఈ సంగతిని లోకమునకు విశదముగా చెప్పినది మన నెల్లూరి అనుభవమే. అచ్చట వైద్యాధికారిగా నుండిన జెర్డను దొర, 1862 మొదలు 1864 వఱకు వెలువడిన తన భారతపక్షి గ్రంథమునందు, ఎండలు మొదలగు తఱిని పడమటిగాలులు బలముగా వీచునప్పుడు ఈ పిట్టలు తూర్పుకనుమలనుండి కొట్టుకొని వచ్చి గుడిసెలలోను సాలలలోను దాగుననియు, తాను మొదట చూచిన పిట్ట చెన్నపట్టణపు జనరల్ ఆసుపత్రిలో చొరబడినదనియు, పిమ్మట నెల్లూరిలో ఇట్లే పెక్కింటిని ప్రాణములతో సంపాదించితిననియు వ్రాసెను. నేటికిని అక్టోబరు మాసమున తెలుగు పట్టణములలో మేడల అద్దములకు తాకి పడిపోయిన నవరంగి పిట్టను చేతులలోనికి తీసికొని, ఇదేమి పక్షియని విస్తుపోవువారు కలరు. జెర్డను నాటికి గాలి యొక్కటే శత్రువు. ఇప్పుడు దానికి రాత్రియంతయు వెలుగు దీపములును, ఆకాశమును ప్రతిబింబించు గాజుగోడలును తోడైనవి.

తెలుగుదేశపు పక్షులనుగూర్చి మనకు పూర్వప్రమాణములు లేకపోలేదు. 1929-30లో ఆర్థర్ వెర్నే ధనసహాయమున తూర్పుకనుమల సర్వేక్షణ జరిగినది; 1931-32లో సలీం ఆలీ హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించెను. విశాఖపట్టణమున కె. యస్. ఆర్. కృష్ణరాజు గారు కనుమల పక్షులను శ్రద్ధతో పరికించుచుండిన కాలముననే, ట్రెవర్ ప్రైస్ అను ఆంగ్ల యువకుడు అచ్చటికి వచ్చి, ఎనిమిది గ్రాములైనను తూగని గ్రీనిష్ వార్బ్లరు అను ఆకుపచ్చ ఛాయల చిట్టిపిట్టను శీతకాలమంతయు వెంబడించి, 1981లో తన పరిశోధనమును ప్రకటించెను. దూరపు ఉత్తరదేశములనుండి వచ్చు ఈ పిట్ట ఇచ్చట ఊరక తిరుగుటలేదనియు, ఒక్కొక్కటి తనకని కొన్ని చెట్ల మేరను హద్దు పెట్టుకొని, అన్యులను రానీయక, ఆకులపై పురుగులను నమ్ముకొని మాసముల తరబడి నిలుచుననియు ఆ పరిశీలనము తేటపరచినది. ఇది చిన్న విషయమువలె తోచును గాని, వలసపక్షులనుగూర్చిన సామాన్యాభిప్రాయమును తలక్రిందు చేయగలది. శీతకాలపు పక్షి అతిథి యనియు, ఈ అడవి కాకున్న మఱియొక అడవికి పోవుననియు మనము భావింతుము. హద్దు పెట్టుకొన్న పక్షికి ఆ హద్దులోని చెట్లు పోయినచో చోటు పోయినట్లే, ఏలయన ప్రక్క చెట్లు అప్పటికే మఱియొకదాని వశమున నుండును.

ఇక క్షీణతను గూర్చి. ఉత్తర అమెరికా శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన లెక్క ప్రకారము, 1970 నుండి ఆ ఖండమునందలి పక్షులలో సుమారు 290 కోట్లు, అనగా నూటికి ఇరువది తొమ్మిది వంతులు తగ్గినవి. ఆ తరుగులో అత్యధికభాగము వలసపోవు జాతులదే. ఆసియాలో ఇంతకంటె భయంకరమైన ఉదాహరణము పసుపురొమ్ము బంటింగు. ఇది వనపక్షి గాక పొలముల పక్షి. కాని సైబీరియానుండి ఆగ్నేయాసియాకును, మన ఈశాన్యభారతమునకును లెక్కకు మిక్కుటముగా వచ్చుచుండిన యీ జాతి, చీనాలో ఆహారమునకై వలలు పన్ని పట్టుటచేత, 1980 మొదలు 2013 లోపల నూటికి ఎనుబదినాలుగు మొదలు తొంబదియైదు వంతులవఱకు నశించినదని అంచనా. ఒకప్పుడు ఎవరును గణింపని యీ పిట్టను 2017లో అత్యంత విపన్నజాతుల పట్టికలో చేర్చవలసి వచ్చినది. సమృద్ధి రక్షణ కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

భారతదేశమున 2023లో వెలువడిన పక్షుల స్థితి నివేదిక, పక్షిపరిశీలకులు వేలమంది నమోదుచేసిన మూడుకోట్ల దర్శనముల ఆధారమున 942 జాతులను తూచినది. అందులో దీర్ఘకాలపు పోకడ తేల్చగలిగిన 338 జాతులలో నూటికి అరువది తగ్గినవి. 178 జాతులకు సత్వరరక్షణ ఆవశ్యకమని తేల్చినది. ఈ లెక్కలపై ఒక చిన్న మాట చెప్పవలెను. నమోదు చేయువారు చెఱువుగట్టున కూర్చున్నంత సుఖముగా వానకాలపు అడవిలో కూర్చుండరు. జలగలు, దోమలు, బురద వారిని ఇంటిపట్టున నుంచును. పొన్నంకి పిట్ట గొంతెత్తి కూయునది సరిగా అప్పుడే. కాబట్టి బాతులనుగూర్చి మనకున్నంత నిక్కమైన జ్ఞానము పొదలోని పిట్టనుగూర్చి ఉండదు.

అంతర్జాతీయ పట్టికలో పొన్నంకి పిట్ట ఇంకను నిశ్చింత వర్గముననే కలదు. దానికి మిక్కిలి దగ్గఱి చుట్టమైన ఫెయిరీ పిట్టయో, జపాను, కొరియా, తైవాను, తూర్పుచీనా అడవులలో గూడు కట్టి బోర్నియోకు వలసపోవుచు, అడవుల నఱకుటచేత ఇప్పటికే ఆపన్నవర్గమున పడినది. తైవానునందు హూబెన్ గ్రామస్థులు కంకర గనులనుండి దాని తావును కాపాడుకొనుటకై గట్టిగా పోరాడిరి. కాశ్మీరు లోయ అడవులలో పుట్టి, పడమటికనుమలందును సింహళపు కొండలందును శీతకాలము గడపు కాశ్మీర ఫ్లైకాచరును ఆపన్నమే. ఒకే తీరుగా బ్రతుకు మూడు పక్షులలో రెండు ఆపదపాలై యుండగా, మూడవది నిశ్చింతవర్గమున నున్నదని మనము నిశ్చింతగా నుండుట వివేకము కాదు. ఏ జాతినైనను అది సులభముగా దొరకు దినములలో కాపాడుటయే చౌక.

మన సాలవనముల చరిత్ర ఈ ప్రశ్నకు ప్రాణము. పందొమ్మిదవ శతాబ్ది కడపట బెంగాల్ నాగపూర్ రైల్వే మేదినీపుర జిల్లాను చొచ్చుకొని వచ్చి, ఖరగ్‌పూరును కూడలిగా చేసినప్పుడు, అడవి అమ్మకపు సరకైనది, జమీందారులు గుత్తలకిచ్చిరి, సాలము పట్టాల క్రింది దిమ్మలై, వంటచెఱకై, గుంజలై తరలిపోయినది. అదే రైల్వే తెలుగువారికి అన్నము పెట్టినదనుట నిజమే గాని, ఆ అన్నపు ఖర్చులో ఈ అడవిదియు ఒక పద్దు కలదు. అయితే సాలమునకొక వింత గుణము కలదు: నఱికిన మోడు చావక, దానినుండి పిలకలు లేచి, కొన్ని యేండ్లలో మరల వనమగును. ఈ గుణమును నమ్ముకొనియే 1971-72లో, మేదినీపురమునకు ఉత్తరముగా చంద్రకోణ రోడ్డునకు చేరువనున్న అరాబారీలో, అటవీశాఖాధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఒక ప్రయోగము నారంభించెను. 1,272 హెక్టార్ల పాడుపడిన అడవిని, చుట్టునున్న పదునొకండు గ్రామములలోని 618 కుటుంబముల సంరక్షణకు ఒప్పగించి, వారికి పనులు కల్పించి, కలప నఱికిననాడు రాబడిలో నాల్గవవంతు వారికే చెందునట్లు ఏర్పాటుచేసెను. బెదిరింపులకును కేసులకును లొంగని అడవి దొంగతనము, భాగస్వామ్యమునకు లొంగినది. 1989లో వంగరాష్ట్రప్రభుత్వమును, 1990లో కేంద్రమును ఈ పద్ధతిని స్వీకరించినవి. సంయుక్త అటవీ యాజమాన్యమని దేశమంతట ప్రసిద్ధికెక్కి, పిమ్మట ఆంధ్రదేశమున వన సంరక్షణ సమితులుగా అవతరించినది ఇదియే. వనము లేచినది, ఎంతగా లేచినదనగా, దల్మా కొండలనుండి ఏనుగుల మందలు 1980ల కడపటినుండి ఏటేట దిగివచ్చి ఈ జిల్లా వరిపొలములలో నిలువసాగినవి. ఏనుగు పెద్ద జంతువగుటచే దాని రాకను పత్రికలు గమనించినవి. పొదలోని పిట్ట వచ్చినదో రాలేదో అడిగినవారు తక్కువ.

ఇచ్చటనే చిక్కున్నది. చెట్టు మరల లేచుట వేఱు, అడవి మరల లేచుట వేఱు. మన ప్రభుత్వపు అటవీ గణన, ఒక హెక్టారుకు తగ్గని నేలలో నూటికి పదివంతులైనను ఆకుల కప్పు పైనుండి కనబడినచో దానిని అడవిగా లెక్కించును; ఉపగ్రహమునకు కప్పు కనబడును గాని, కప్పు క్రింద కంపయున్నదో, చీపురుతో ఊడ్చిన నేలయున్నదో కనబడదు. మాఘ ఫాల్గునములలో సాలపుటాకు రాలి నేల నిండుగా నుండు సమయమున, విప్పపూవు ఏరుటకు వీలుగానో, వేటకో, ఊరక నిర్లక్ష్యముగానో పెట్టిన నిప్పు నేల వెంబడి ప్రాకి, చెట్టును చంపకయే పొదను, ఆకు పొరను, అందలి పురుగులను కాల్చిపోవును. మిగిలిన ఆకును పేదలు పొయ్యిలోనికై ఊడ్చుకొని పోవుదురు. సాలపుటాకు విస్తళ్లు కుట్టుటకు పచ్చి ఆకును త్రుంచు స్త్రీలవలన ఈ హాని లేదు. రాలిన ఆకును పూర్తిగా ఊడ్చుటయందే హాని కలదు. ఈ భేదమును గుర్తింపక, ఆకు ముట్టినవారినెల్ల దోషులను చేయు ఉత్తరువులు న్యాయదూరములు, నిష్ఫలములు. వైశాఖమాసమున పొన్నంకి పిట్ట వచ్చి వ్రాలునప్పటికి దాని భోజనశాల బూడిదయై యుండును. ఇది చాలదన్నట్లు, 1980 ప్రాంతమునుండి సామాజిక అడవుల పేర నాటిన యూకలిప్టసును, ఆకాశమణి యని వంగదేశమున పిలువబడు ఆస్ట్రేలియా తుమ్మయు ఖాళీనేలలను, రోడ్డు ప్రక్కలను ఆక్రమించినవి. అవి గుంజలకు, కాగితపు గుజ్జునకు మంచివే. వాని క్రింద నేలపై గెంతు పిట్టకు మాత్రము భుక్తి మృగ్యము. గణనలో ఇవన్నియు అడవులే.

వేటను గూర్చి ఎక్కువ వ్రాయను. వసంతమున సంతాలులు మొదలగు ఆదివాసులు జరుపు సామూహిక వేట పండుగలు పూర్వము ఒక ధర్మమునకును, కట్టుబాటునకును లోబడినవి; నేడు రైళ్లలోను లారీలలోను దూరప్రాంతములనుండి వచ్చు గుంపులు చేరి, ఉడుమును, కుందేలును, పక్షిని విచక్షణ లేక చంపుట పరిపాటియైనది. 2018 ఏప్రిలులో లాల్‌గఢ్ సమీపపు బాఘ్‌ఘోరా అడవిలో పెద్దపులి వేటగాండ్ర చేత చచ్చినప్పుడు లోకము మేల్కొన్నది. కలకత్తా హైకోర్టు ఈ వేటలను నిలుపుమని ఆదేశములిచ్చినది. రైల్వే యుద్యోగులు, పోలీసులు, అటవీశాఖవారు కలిసి పనిచేసిన చోట్ల ఫలితము కనబడినది. కాని నా యభిప్రాయమున, ఒక్క యేటి వేటకంటె ఏటేటి నిప్పే చిన్నపక్షులకు పెద్ద మృత్యువు. దానిని గూర్చి కోర్టునకు పోవువారు అరుదు.

పొద ముఖ్యమను ఈ వాదము నా కల్పనము కాదు. ఇంగ్లండున నైటింగేలను సుప్రసిద్ధ వలసపక్షి అర్ధశతాబ్దిలో నూటికి తొంబది వంతుల వఱకు తగ్గినది. శీతకాలమున అది పోవు ఆఫ్రికాలోని మార్పులు ఒక కారణమే యైనను, స్వదేశముననే రెండు కారణములు పట్టువడినవి. నఱికి పిలకలు లేపు పాతపద్ధతి మూలబడి అడవులు ముసలివై పొదలు చచ్చుట యొకటి. జింకలు మితిమీరి పెరిగి ఉన్న పొదలను మేయుట మఱియొకటి. సఫోక్ మండలమున బ్రాడ్‌ఫీల్డ్ అను వనమునందు కొన్ని తావులకు జింకలు రాకుండ కంచె వేసి చూడగా, పక్షులు కంచె లోపలి దట్టపు పొదలనే కోరుకొన్నవి. అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు కిర్ట్‌లండ్ వార్బ్లరు కథ ఇంకను ఉత్సాహకరమైనది. లేత జాక్ పైను వనములలో మాత్రమే, అదియు చెట్లు ఐదు మొదలు ఇరువది యేండ్ల వయసున నున్నప్పుడు మాత్రమే, నేలపై గూడు కట్టు ఈ పిట్ట 1974లోను, మరల 1987లోను 167 కూయు మగపక్షుల సంఖ్యకు దిగజారినది. పరాయి గూళ్లలో గ్రుడ్లు పెట్టు కౌబర్డులను పట్టి తొలగించుటయు, ముదురు వనములను వంతులవారీగా నఱికి లేతవనములను నాటుటయు ఎడతెగక సాగించినందున అది రెండువేల జంటలను మించి, 2019లో విపన్నజాతుల జాబితానుండి బయటపడినది. అచ్చటివారు చేసినది మహాశాస్త్రమేమియు కాదు. పక్షికి కావలసిన వయసు గల అడవి ఏటేట ఎక్కడనో ఒకచోట ఉండునట్లు క్యాలెండరు వేసికొని నఱికిరి.

మేదినీపురపు సాలవనమునకు ఈ పాఠము అక్షరాల వర్తించును. పదేండ్లకో, అంతకు కొంచెము మించియో ఒక్కొక్క కూపును, అనగా నఱకుటకై విభజించిన వనఖండమును, నఱకుట ఇచ్చట ఎట్లును జరుగుచున్నదే. అనగా వివిధవయస్సుల పిలకవనములు ప్రక్కప్రక్కన ఉండు ఏర్పాటు ఉచితముగానే లభించినది. కొఱత పడినది క్రిందిపొర. నఱికిన కూపులో మొదటి మూడు నాలుగేండ్లు నిప్పును, ఆకు ఊడ్పును ఆపుట, ప్రతి కూపులోను వాగువెంబడి ఒక పట్టీని గొడ్డలి ముట్టక విడుచుట, వేసవి చివర నుండి వానకాలపు కడపటివఱకు పొదలు కొట్టు పనులను నిలుపుట: ఇవి మూడును కొత్త చట్టములు లేకయే గ్రామసంఘములు తీర్మానించుకొనదగినవి. పట్టణము వంతు వేఱు. ఐ.ఐ.టి. ఆవరణము రెండువేల యెకరములకు పైబడిన నేల. అట్టి ఆవరణములలో తోటపనివారి కంటికి పొద యనగా అపరిశుభ్రత, పచ్చిక యనగా నాగరకత. మూలమూలల నాలుగు పొదలను కత్తిరింపక విడిచి, సెప్టెంబరు అక్టోబరు రాత్రులలో ఎత్తైన మేడల అనవసరపు దీపములనార్పినచో, దారిపోవు పక్షులకు అది పెద్ద మేలు. ప్రేమ్ బజారు ఇంటి పెరటిలో సొమ్మసిల్లిన పిట్ట దొరకినవారు దానికి బలవంతముగా నీరు పోయక, గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో చీకటిగా, నిశ్శబ్దముగా నుంచి, తేఱుకొన్న పిమ్మట పిల్లుల కందని పొద చెంత విడుచుట చాలును.

ప్రభుత్వముల దృష్టి మాత్రము ఇంకను నీటివైపే యున్నది. వలసజాతుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశము 1983లో చేరినది. 2020 ఫిబ్రవరిలో దాని పదుమూడవ మహాసభ గాంధీనగరున జరిగినది. మధ్య ఆసియా వలసమార్గమునకై 2018 మొదలు 2023 వఱకు జాతీయ ప్రణాళిక వెలువడినది. ఆ ప్రణాళికలో బాతులు, కొంగలు, ఉల్లంకులు మొదలగు నీటిపక్షులకే పెద్దపీట. చిల్క, కొల్లేరు, పులికాటు వంటి సరస్సులకు హద్దులున్నవి, పేర్లున్నవి, పడవలలో పోయి చూచు యాత్రికులున్నారు. వేయి ముక్కలుగా చెదరి, ఏ ముక్కకును పేరు లేని పొదలను అట్లు నక్షా మీద గుండ్రగా గీచి రక్షింపవీలులేదు. వీనిని రక్షింపగలవారు ఆ ముక్కల చెంత నివసించువారే.

వారి విషయమున ఒక లెక్క తేలవలసియున్నది. అరాబారీ ఒడంబడిక గ్రామస్థునికి గుంజలలో నాల్గవవంతునిచ్చినది. కావుననే వారు గుంజలను కాపాడిరి. పొదకును ఆకు పొరకును ఏ వంతును లేదు. నిప్పు పెట్టని గ్రామమునకును, పెట్టిన గ్రామమునకును కూపు నఱికిననాడు వచ్చు రాబడి ఒక్కటే. ఊడ్చిన ఆకునకు బదులుగా వంటగ్యాసు బండనో, నిప్పు లేని ప్రతి వేసవికి సంఘపు ఖాతాలో కొంత సొమ్మునో చేర్చు పద్ధతి ఒక్క రేంజిలోనైనను పదేండ్లు పట్టుదలతో నడపి, వానకాలపు వేకువలలో ఈలలను లెక్కించి చూచుట అటవీశాఖకు అసాధ్యమైన పని కాదు. లెక్కించుటకు కావలసిన చెవులు ఖరగ్‌పూరున సమృద్ధిగా కలవు. విద్యార్థులు, పింఛను పుచ్చుకొన్న రైల్వే యుద్యోగులు, ఖేమాశూలి లోకల్లో కూరగాయలు తెచ్చు రైతులు, వీరెవ్వరికైనను రెండు స్వరముల ఆ ఈలను గుర్తుపట్టుట ఒక్క ఉదయపు పాఠము.